మొదటి కత్తెర ఎవరిది?

టికియాపారాలో రెండు పిలకలతో తిరిగే తెలుగింటి పిల్లను చూసి ఆడపిల్ల అనుకోకండి. మొక్కు తీరని మగపిల్లాడు కావచ్చు. హౌరా ఉక్కపోతకి మాడంతా చెమటకాయలు లేచినా నాన్నమ్మ పిలక బిగించి కడుతుంది కానీ ఒక్క వెంట్రుక తెగనివ్వదు. పుట్టెంట్రుకలు సింహాద్రి అప్పన్నవి. ఆయనేమో ఇక్కడికి 880 కిలోమీటర్ల దూరంలో, విశాఖ పక్కన కొండ మీద ఉన్నాడు.

హౌరాలో బయల్దేరి ఖరగ్‌పూర్ వైపు వెళ్తే తగిలే మొదటి స్టేషను మా టికియాపారా. 1900లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హౌరాను ఖరగ్‌పూర్‌తో కలిపింది. ఆ పట్టాలు పట్టుకునే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు రైల్వే పనులకీ, జూట్ మిల్లులకీ వచ్చారు. ఇప్పటి పిల్లలు హిందీలో దెబ్బలాడుకుంటారు, బెంగాలీలో బేరమాడతారు. పుట్టెంట్రుకలకి మాత్రం చెన్నై మెయిల్ ఎక్కాల్సిందే.

తీరా అక్కడ జరిగేది ఎంతసేపు? మేనమామ ఒడిలో గుంటడు, చుట్టూ అరుపులు. మామ మూడు కత్తెరలు వేస్తాడు. ఆ పైన క్షురకుడు తల తడిపి, కత్తి పెట్టి, వాడి ఏడుపు అందుకునేలోపు పని ముగిస్తాడు. వెనక ఇంకో పిల్లాడు సిద్ధంగా ఉంటాడు. గుండుకి చందనం రాస్తారు. ఏడాదంతా చందనపు పూతలోనే ఉండి, ఒక్క అక్షయ తృతీయనాడే నిజరూపం చూపే దేవుడి దగ్గర ఆ పూత నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మామకి ఖర్చు, పిల్లాడికి కొత్తబట్టలు, అందరికీ పులిహోర.

మా వీధిలోనే ఇంకో రెండు పద్ధతులున్నాయి. ముస్లిం ఇళ్లలో అఖీఖా అప్పుడు, పుట్టిన ఏడో రోజున తల గొరిగించి, ఆ వెంట్రుకల ఎత్తు వెండినో, దాని ఖరీదునో పేదలకిస్తారు. మొదటి వెంట్రుక నేరుగా ఎవరి ఆకలికో చేరడం నాకు బాగా నచ్చింది. బిహారీల ముండన్‌లో మేనత్తది పెద్దపీట. రాలే జుట్టును బువా తన కొంగులో పడుతుంది, కానుక గట్టిగా అడిగి మరీ పుచ్చుకుంటుంది. మనకి అమ్మ తోబుట్టువు, వాళ్లకి నాన్న తోబుట్టువు.

మంగోలియాలో కత్తెర హక్కు ఏ ఒక్కరిదీ కాదు. అక్కడా పసివాళ్ల జుట్టు కొన్నేళ్లు ముట్టుకోరు. మగపిల్లలకి మూడో ఏటో అయిదో ఏటో, ఆడపిల్లలకి రెండో ఏటో నాలుగో ఏటో వేడుక చేస్తారు. బేసి సంఖ్య మనకీ అలవాటే, సరి సంఖ్య మాత్రం వింత. ఖదగ్ అనే పట్టుగుడ్డ కట్టిన కత్తెరతో, పిల్లాడి జాతక సంవత్సరానికి పొసగే మనిషి మొదటి పాయ తీస్తాడు. తర్వాత వచ్చినవాళ్లంతా వరసగా తలా ఒక పాయ కత్తిరించి, దీవించి, ఏదో ఒకటి చేతిలో పెడతారు. పశువుల కాపరుల్లో ఆ కానుక గొర్రెపిల్లో గుర్రప్పిల్లో కూడా కావచ్చు. కత్తెర పట్టిన ప్రతివాడికీ ఆ పిల్లాడితో ఒక బంధం కుదిరిపోతుంది.

వలస వచ్చినవాళ్లకి కావలసింది ఇదే అంటాను. మా పిల్లాడికి జ్వరమొస్తే రాత్రిపూట డాక్టరు దగ్గరికి పరిగెత్తేది విజయనగరంలో ఉన్న మామ కాదు, పక్కింటివాళ్లు. కత్తెర దగ్గర మాత్రం వాళ్లకి చోటు లేదు. తిరిగొచ్చాక ప్రసాదం పొట్లం చేతిలో పెట్టి సరిపెడతాం. నాకిది న్యాయంగా తోచదు.

ఈ మాట చెప్పే అర్హత నాకెంతుందో చూడండి. మా చెల్లి కూతురికి వచ్చే నెల పుట్టెంట్రుకలు. మేనమామను నేనే. నా మూడు కత్తెరలూ ఎవరికీ వదులుకోను. కాకపోతే ఆ పిల్లను పొద్దస్తమానం చంకనేసుకు తిరిగే పక్కింటి బిహారీ బువాకి కూడా రైలు టికెట్ తీశాను. నాలుగో కత్తెర ఆవిడకిద్దామని ఇంట్లో అంటే, “అప్పన్న ఏమనుకుంటాడ్రా?” అంది మా అమ్మ. “ఏమీ అనుకోడు లేవే” అన్నాను. అమ్మ ఇంకా ఊఁ అనలేదు. బువా మాత్రం కానుకగా ఏం పుచ్చుకోవాలో అప్పుడే చెప్పేసింది. వెండి గిన్నెట.