హచికో కథకు తగిన చెక్క చట్రం

అయిదారేళ్ల పిల్లలకు విశ్వాసం గురించి నీతివాక్యంతో చెబితే అది చెవిదాకా వెళ్లి ఆగిపోతుంది. కథగా చెప్పాలి, ఆ కథకు తగిన పద్ధతిలో చెప్పాలి. జపాన్‌లో హచికో అనే కుక్క కథకు కామిషిబాయి అలాంటి పద్ధతి. బొమ్మల అట్టలను చెక్క చట్రంలో పెట్టి, ఒక్కొక్కటే పక్కకు లాగుతూ ఆడే కాగితపు నాటకం అది. 1930ల్లో టోక్యో వీధుల్లో మిఠాయిలు అమ్మేవాళ్లు సైకిలు మీద ఈ చట్రం పెట్టుకుని వచ్చేవారు. చెక్కముక్కలు టకటక కొట్టి పిల్లల్ని పోగుచేసి, మిఠాయి అమ్మి కథ చెప్పేవారు.

1923లో అకితా ప్రాంతంలోని ఒదాతేలో పుట్టిన హచికోను టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం బోధించే ఉయెనో హిదెసబురో పెంచుకున్నారు. 1925 మే 21న పనికి వెళ్లిన ఆయన అక్కడే మెదడులో రక్తస్రావమై చనిపోయారు. హచికో మాత్రం 1935 మార్చి 8న తాను చనిపోయేదాకా, దాదాపు పదేళ్లపాటు, ఆయన రోజూ రైలు దిగే షిబుయా స్టేషన్‌కు ఆయన కోసం వస్తూనే ఉంది. ఈ కథలో జరిగేది కొంచెం, ఎదురుచూపే అంతా. పుస్తకంలో ఆ పదేళ్లూ ఒక్క వాక్యంలో అయిపోతాయి. కామిషిబాయిలో ఆ ఎదురుచూపు పిల్లల వంతవుతుంది. ఒక బొమ్మకు చెప్పాల్సిన మాటలు దానికి ముందు చూపి వెనక్కి చేర్చిన అట్ట వీపున ఉంటాయి కాబట్టి కథకుడు పిల్లల కళ్లలోకి చూస్తూ చెప్పగలడు. అట్టను సగం లాగి ఆపితే రైలు దిగే జనం మాత్రమే కనిపిస్తారు. వాళ్లలో ఆచార్యుడు ఉన్నాడా లేడా అన్నది మిగతా సగం తేల్చాలి. ఆ కాసేపట్లో పిల్లలు హచికోతోపాటు వెతుకుతారు. గుమ్మంలో విడిచిన చెప్పులు, వంగి చేసే నమస్కారం, స్టేషన్ రద్దీ కూడా ఆ బొమ్మల్లోనే ఉంటాయి కనుక జపాన్ జీవనం వేరే పాఠం కానక్కర్లేదు.

ఈ కథ అంత అమాయకమైనదేమీ కాదన్న అభ్యంతరం ఉంది, అది నిజమే. హచికో బతికుండగానే, 1934లో, షిబుయాలో దాని కంచు విగ్రహం నిలబెట్టారు. బడుల్లో నీతిపాఠం చేసి, చేసిన మేలు మరవకూడదని నేర్పారు. చక్రవర్తికి విధేయత నేర్పిన కాలం అది. యుద్ధప్రచారానికి కామిషిబాయిని కూడా వాడుకున్నారు. చివరికి ఆ విగ్రహాన్నే యుద్ధంలో లోహం కోసం కరిగించారు. ఇప్పుడున్నది 1948 నాటిది. అయితే తప్పు కథలో లేదు, ముగింపును ముందే నిర్ణయించి పిల్లల నోట పలికించడంలో ఉంది. సగం లాగిన అట్ట దగ్గర ఆగి "ఇది ఎందుకు వస్తోంది?" అని అడిగే కథకుడు ఆ పని చేయడు.

అది వచ్చింది స్టేషన్ దగ్గర దొరికే కోడిమాంసం ముక్కల కోసమే అనేవాళ్లూ ఉన్నారు. చనిపోయాక దాని కడుపులో మాంసం గుచ్చే పుల్లలు దొరికిన మాట వాస్తవం. కానీ 1932లో పత్రికలో దాని కథ వచ్చేదాకా అక్కడ ఆదరణకన్నా అదిలింపులే ఎక్కువ. ఆకలీ ప్రేమా ఒకే ప్రాణిలో ఉండవచ్చని పిల్లలకు చెప్పడంలో నష్టం లేదు. చావును దాచడం మాత్రం తగదు. 2015లో టోక్యో విశ్వవిద్యాలయంలో పెట్టిన విగ్రహంలో హచికో యజమాని మీదికి ఎగురుతూ కనిపిస్తుంది. ఆ కలయికను చివరి అట్టగా వేసి ఊరుకుంటే పదేళ్ల ఎదురుచూపు అబద్ధమవుతుంది.

ఈ పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. పదీ పన్నెండు అట్టలు, ఒక చట్రం, తొందరపడని గొంతు ఉంటే చాలు. మన బడుల్లో హచికో కథ చెప్పాలనుకునే ఉపాధ్యాయులు నీతిని చివర్లో కలపకుండా, ఆ మాట పిల్లలే అనేదాకా ఆగాలి.