ఇంటిపనిని కూడి చూసేదెవరు?

బడిపిల్లలకు ఇంటిపని మోయలేని భారమవడానికి ఏ ఒక్క ఉపాధ్యాయుడూ కారణం కాడు; ఎవరికి వారు తమ సబ్జెక్టుకు అరగంట చాలునని అంచనా వేసుకొని ఇచ్చిన పనులన్నీ ఒకే సాయంత్రం ఒకే విద్యార్థి ముందు పోగుపడటమే అందుకు మూలం. తొమ్మిదో తరగతిలో తెలుగు పద్యాలకు ప్రతిపదార్థాలు, గణితంలో ఒక అభ్యాసం, సాంఘిక శాస్త్రంలో పటం పని ఒకే రోజున పడి, ఫార్మేటివ్ మార్కులకు కావలసిన ప్రాజెక్టు గడువు కూడా ఆ వారంలోనే ముగుస్తున్నప్పుడు, ఆ మొత్తాన్ని కూడి చూసే బాధ్యతను టైంటేబుల్ ఎవరికీ అప్పగించదు. 2020 నాటి కేంద్ర పాఠశాల సంచి విధానం రెండో తరగతి వరకు ఇంటిపనే వద్దని, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు 1 గంట, ఆపై తరగతులకు 2 గంటలు మించరాదని చెప్పింది గాని, ఆ గంట ఎవరి గంట అన్న ప్రశ్న అక్కడ మిగిలిపోయింది.

కూడిక ఒక్కటే అవసరమైతే కృత్రిమ మేధ అక్కరలేదు, స్టాఫ్ రూములో అందరూ రాసే ఒక పుస్తకం సరిపోతుంది. కృత్రిమ మేధ నిజంగా అక్కరకొచ్చేది, అవే పది లెక్కలు ఒకరికి ఇరవై నిమిషాలు, మరొకరికి గంటన్నర పట్టే చోట. విద్యార్థి గతంలో రాసిన సరైన, తప్పు జవాబుల వరుసను బట్టి అతనికి ఏ అంశం ఎంతవరకు వచ్చి ఉంటుందో సంభావ్యతగా లెక్కగట్టే పద్ధతిని నాలెడ్జ్ ట్రేసింగ్ అంటారు. 1990లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కార్బెట్, ఆండర్సన్ దీనికి రూపమిచ్చారు. ఇలాంటి అంచనాకు పని పూర్తిచేయడానికి పట్టిన సమయాన్ని, గడువు తేదీలను జోడిస్తే, ఏ రోజు ఎవరిమీద భారం మితిమీరుతుందో ముందే తెలుస్తుంది. అయితే ఇంట్లో ఒకే ఫోనును అన్నదమ్ములు పంచుకునేచోట తెర మీద నమోదైన సమయం చదివిన సమయం కాదు కనుక, ఎంతసేపు పట్టిందో పిల్లలనే అడగడం మేలు.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. నెమ్మదిగా చేసే విద్యార్థికి లెక్కలు తగ్గిస్తూ పోయే యంత్రం గంటలను సమం చేస్తుంది గాని, సాధన ఎక్కువ అవసరమైనవాడికే తక్కువ సాధన మిగులుస్తుంది. పుస్తకాల బరువు కన్నా అర్థంకాని చదువు బరువే హానికరమని భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1993లోనే చెప్పింది. ఆ దృష్టితో చూస్తే, పట్టిన సమయం ఎక్కువన్నది పాఠం గురించి బడికి అందిన కబురు. కారణాంక విభజన లెక్కల దగ్గర సగం తరగతి గంటకు పైగా ఆగిపోయిందని తేలినప్పుడు ఐదు లెక్కలు కొట్టివేయడం ఆ ఒక్క రాత్రికి ఊరటే, అదీ అవసరమే. కానీ ఆ సమాచారం మరునాటి పిరియడుకు ముందే గణిత ఉపాధ్యాయుడి చేతికి అందాలి, కొత్త అధ్యాయాన్ని ఒక రోజు ఆపి విభాగ న్యాయాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పుకొనే వెసులుబాటును సిలబస్ గడువులు ఆయనకు ఇవ్వాలి.