మోక్షమును మందులో వెదకవచ్చునా?
హక్స్‌లీ వాదముపై ఒక విమర్శ

1954వ సంవత్సరమున వెలువడిన రెండు ఆంగ్ల గ్రంథములను ప్రక్కప్రక్కన ఉంచి చదువుట ఉపయోగకరము. ఒకటి ఆల్డస్ హక్స్‌లీ వ్రాసిన 'ది డోర్స్ ఆఫ్ పెర్సెప్షన్'. మెస్కలీన్ అను మందును పుచ్చుకొని తాను చూచినదానిని హక్స్‌లీ ఇందులో వర్ణించినాడు. రెండవది మన జిడ్డు కృష్ణమూర్తి రచించిన 'ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్'. దీనికి పీఠిక వ్రాసినవాడు కూడ హక్స్‌లీయే. మొదటి పుస్తకము మనస్సు తలుపులను మందు తెరువగలదన్న ఆశను లోకమునకు చూపినది. రెండవ పుస్తకము ఏ గురువును, ఏ పద్ధతిని ఊతగా పట్టుకొనక మనిషి తన్ను తాను తెలిసికొనవలెనని చెప్పుచున్నది. ఒకే సంవత్సరమున ఒకే రచయిత ఈ రెంటికిని తోడుపడినాడు. రెండును ఒకేసారి నిలుచునా?

ఇది పాత గ్రంథముల తగవు మాత్రమే కాదు. 2006 తరువాత అమెరికాలోను, ఐరోపాలోను ఇట్టి మందులపై ప్రయోగములు మరల విరివిగా జరుగుచున్నవి. ధ్యానమునకును, ఆత్మవిచారమునకును ఈ మందులను జోడించినచో సాధన త్వరగా ఫలించునని చెప్పువారు నేడు అనేకులున్నారు. చేతి ఫోను ద్వారా ఈ మాట కర్ణాటక సరిహద్దున ఉన్న రొళ్ల వంటి ఊరి విద్యార్థికి కూడ చేరుచున్నది. అతడు వచ్చి అడిగినపుడు ఉపాధ్యాయుడు చీదరించుకొనుటగాని, తల ఊపి ఊరకుండుటగాని తగదు. వాదమును విప్పి చూపవలెను.

హక్స్‌లీ చెప్పినదేమి?

మెస్కలీన్ మెక్సికో ప్రాంతమున పెరుగు పెయోటీ అను ముండ్లు లేని చిన్న కాక్టస్ మొక్కలో ఉన్నది. ఆర్థర్ హెఫ్టర్ 1897లో దానిని వేరుపరచినాడు. 1919లో ఎర్నస్ట్ ష్పేట్ ప్రయోగశాలలో తయారుచేసినాడు. 1953 మే నెలలో లాస్ ఏంజెలిస్‌లోని తన యింట, హంఫ్రీ ఆస్మండ్ అను మనోవైద్యుని సమక్షమున, హక్స్‌లీ 0.4 గ్రాముల మెస్కలీన్‌ను నీటిలో కలుపుకొని త్రాగినాడు. ఆ కొన్ని గంటలలో పూలకూజాలోని పువ్వులు, కుర్చీ కాళ్లు, తన లాగు మడతలు సయితము వెలుగుతో నిండి, అర్థముతో తొణికిసలాడుచున్నట్లు ఆయనకు తోచినవి.

ఆయనకు అన్యాయము చేయరాదు. మెస్కలీన్ కలిగించు స్థితియే జ్ఞానసిద్ధి అని ఆయన అనలేదు. రెండును ఒకటేయని తలచునంతటి అవివేకిని కానని అదే పుస్తకమున స్పష్టముగ చెప్పుకొన్నాడు. అయినను ఆయన ఆలోచన అక్కడ ఆగలేదు. 1962లో వెలువడిన 'ఐలాండ్' అను నవలలో ఒక ఆదర్శ ద్వీపమును కల్పించి, అచటి యువకులకు ఒక పుట్టగొడుగు మందును ఇప్పించినాడు. దానికి 'మోక్షము' అను మన మాటనే పేరుగా పెట్టినాడు. నటరాజ విగ్రహము ఉన్న ఆలయమున, పెద్దల పర్యవేక్షణలో, ధ్యాన శిక్షణ పొందిన యువకులు దానిని పుచ్చుకొందురు. మందును సాధనతో కలుపవలెనను నేటి వాదమునకు ఇంతకంటె మంచి రూపము లేదు. కనుక విమర్శ చేయదలచినచో ఈ రూపమునే విమర్శింపవలెను.

కవాటపు ఉపమానము

హక్స్‌లీ వాదమునకు మూలస్తంభము ఒక ఉపమానము. బెర్గ్‌సన్, సి. డి. బ్రాడ్ అను తాత్త్వికుల భావమును గ్రహించి, మెదడు జ్ఞానమును పుట్టించు యంత్రము కాదనియు, అపారమైన ఒక మనస్సు నుండి వచ్చు ప్రవాహమును మన బ్రతుకునకు కావలసినంత మేరకే వదలు కవాటము వంటిదనియు ఆయన తలచినాడు. మందు ఆ కవాటమును సడలించును. అపుడు అడ్డుపడియున్నది లోనికి వచ్చును. చెరువు తూము చూచినవారికి ఈ ఉపమానము చక్కగా మనసునకెక్కును. ఎక్కినంత మాత్రమున నిజము కాదు.

ఇందులో రెండు వాక్యములు ఇమిడియున్నవి. ఒకటి శరీరశాస్త్రమునకు సంబంధించినది. మెస్కలీన్ మెదడునకు అందు చక్కెరను తగ్గించును, అందువలన కవాటము వదులగును అని ఆయన వ్రాసినాడు. ఈ వివరణ నిలువలేదు. మెస్కలీన్, ఎల్. ఎస్. డి., కొన్ని పుట్టగొడుగులలోని సైలోసిబిన్—ఈ మూడును ముఖ్యముగ నాడీకణములపై నున్న ఒక తరగతి సెరటోనిన్ గ్రాహకములను పట్టుకొని పనిచేయునని నేడు తెలియును. 1998లో జ్యూరిచ్ పరిశోధకులు ఒక చక్కని ప్రయోగము చేసిరి. ఆ గ్రాహకములను మూసివేయు కెటాన్సెరిన్ అను మందును ముందుగా ఇచ్చి, పిమ్మట సైలోసిబిన్ ఇచ్చిరి. దాని మనోప్రభావము దాదాపు కనబడలేదు. తాళపుచెవి ఉన్నను తాళపు రంధ్రము మూసియున్నది కదా! మెదడు పని తగ్గునా, పెరుగునా అనుదానిపై కూడ ఫలితములు ఒకే దారిన లేవు. 1997 నాటి జ్యూరిచ్ కొలతలలో మెదడు ముందుభాగమున చక్కెర వినియోగము పెరిగినది. 2012లో ఇంగ్లండులో జరిగిన పరిశీలనలో కొన్ని కేంద్రములలో రక్తప్రసారము తగ్గినది.

రెండవ వాక్యము తత్త్వమునకు చెందినది: వెలుపలనున్న మహామనస్సు లోనికి వచ్చునని. రక్తప్రసారము తగ్గినదని నిరూపించినను ఈ మాట నిరూపింపబడదు. తరగతిలో చేయదగిన ఒక చిన్న పరీక్ష దీనిని తెలుపును. ఎర్రని మందారపువ్వును అరనిమిషము రెప్పవేయక చూచి, వెంటనే తెల్లని గోడపై దృష్టి నిలుపుడు. నీలము కలిసిన ఆకుపచ్చ పువ్వు ఒకటి గోడపై కనబడును. దానిని చూచినమాట నిజము. గోడపై అట్టి పువ్వు లేదన్నమాట కూడ నిజము. అది కంటి పనితీరు గురించి చెప్పును కాని గోడను గురించి చెప్పదు. అనుభవము ఎంత స్పష్టముగ, ఎంత గాఢముగ ఉన్నను, అది దేనికి సాక్ష్యమో వేరుగ విచారింపవలసియే యుండును. హక్స్‌లీ ఈ విచారణను దాటవేసినాడు. ఆయన వర్ణన నమ్మదగినది. ఆయన తీసిన సిద్ధాంతము ఆ వర్ణన నుండి రాలేదు.

సాధనతో కలిపి చేసిన ప్రయోగములు

1962 ఏప్రిల్ 20న, గుడ్ ఫ్రైడే నాడు, బోస్టన్ విశ్వవిద్యాలయపు మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాంకీ అను పరిశోధకుడు 20 మంది క్రైస్తవ వేదాంత విద్యార్థులపై ఒక ప్రయోగము చేసినాడు. పదిమందికి 30 మిల్లీగ్రాముల సైలోసిబిన్, తక్కిన పదిమందికి నికోటినిక్ ఆమ్లము ఇచ్చినాడు. ప్రార్థన జరుగుచుండగా మందు పుచ్చుకొన్నవారిలో చాలమందికి గాఢమైన ఆధ్యాత్మిక అనుభవము కలిగినది. కాని నికోటినిక్ ఆమ్లము ఒంటికి కాసేపు వేడి ఆవిరి తగిలినట్లు చేసి ఊరకుండును. ఎవరికేది అందినదో కొద్దిసేపటిలోనే అందరికి తెలిసిపోయినది. ఎవరేమి మ్రింగినారో తెలియకుండ ఉంచవలెనను నియమము అక్కడనే భంగమైనది. రిక్ డాబ్లిన్ ఆనాటి విద్యార్థులను వెదకి ప్రశ్నించి 1991లో ప్రకటించిన పరిశీలనలో రెండు సంగతులు తేలినవి. మందు పుచ్చుకొన్నవారు ఆ అనుభవమును అప్పటికిని విలువైనదిగనే ఎంచుచుండిరి. అయితే ఆనాడు ఒక విద్యార్థి అదుపుతప్పగా అతనికి శాంతపరచు సూదిమందు వేయవలసి వచ్చినది. ఈ సంగతిని పాంకీ తన నివేదికలో పేర్కొనలేదు. మేలును వ్రాసి కీడును వదలిన నివేదిక సగము నివేదికయే.

ఇటీవలి ప్రయోగములు ఇంతకంటె జాగ్రత్తగా జరిగినవి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున రోలండ్ గ్రిఫిత్స్ బృందము 75 మందిని మూడు జట్లుగ చేసి, అందరికి ధ్యానము మున్నగు సాధనలు నేర్పినది. ఒక జట్టునకు నామమాత్రపు మోతాదు, తక్కిన రెంటికి పెద్ద మోతాదు సైలోసిబిన్ ఇచ్చిరి. వీటిలో ఒక జట్టునకు సాధనలో ఎక్కువ తోడ్పాటు కూడ ఇచ్చిరి. ఆరు నెలల తరువాత చూడగా, పెద్ద మోతాదు పొందినవారు తమ జీవితమున ఎక్కువ మార్పు కనబడినదని చెప్పిరి. 2018లో ప్రకటితమైన ఈ ఫలితము తీసివేయదగినది కాదు. కాని మందు పుచ్చుకొని సాధన చేయని జట్టు ఇందులో లేదు. కనుక సాధన మందునకు ఎంత కలిపినదో ఈ లెక్క చెప్పజాలదు. కొలతలలో పెక్కు వారు తమ్ము గురించి తాము చెప్పుకొన్నవి. పరిచయస్థుల అభిప్రాయమును కూడ అడిగిరి; అది మెచ్చదగిన జాగ్రత్త.

2019లో జ్యూరిచ్ బృందము ప్రకటించిన ప్రయోగము మరియొకటి. అభ్యాసము గల 39 మంది ధ్యానులు ఐదు దినములు ఒకచోట ధ్యానము చేసిరి. నాల్గవ దినమున కొందరికి సైలోసిబిన్, కొందరికి ఉత్త గుళిక. మందు పొందినవారు ధ్యానము లోతుగ సాగినదని, 'నేను' అను హద్దు కరగినను భయము కలుగలేదని చెప్పిరి. నాలుగు నెలల తరువాతను మేలు కనబడినదనిరి. ఇందులో గమనింపదగినది ఆ భయము లేకుండుట. ధ్యానాభ్యాసము మనస్సును నిలుకడగా ఉంచి మందు తాకిడిని ఓర్చుకొనుటకు తోడ్పడినట్లున్నది. అనగా సాధనకు మందు అవసరమనుటకంటె, మందునకే సాధన అవసరమనుటకు ఈ ఫలితము దగ్గరగ ఉన్నది.

కృష్ణమూర్తి ఆక్షేపణ

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో, తెలుగు కుటుంబమున జన్మించినాడు. రొళ్ల నుండి తూర్పుగా, రాయలసీమలోనే ఉన్న ఊరు అది. తన్ను జగద్గురువుగ నిలుపుటకు ఏర్పడిన సంస్థను 1929లో ఆయనయే రద్దుచేసినాడు. హక్స్‌లీ ఆయనకు చిరకాల మిత్రుడు. అయినను మందుల విషయమున కృష్ణమూర్తి ఎన్నడు మెత్తబడలేదు. తాను వాటిని ముట్టలేదని చెప్పుచు, 1960 తరువాతి ఉపన్యాసములలో పలుమార్లు వాటిని ఖండించినాడు. ఆయన ఆక్షేపణ సారాంశమిది: మనస్సు తన పెంపకము, తన కోరికలు, తన భయములు అను అచ్చులో పోయబడియున్నది. మందు ఆ అచ్చును పగులగొట్టదు. దానిలోనున్నదానినే రంగులు పూసి చూపును. మరియు అనుభవము కావలెనను దాహమే బంధమైనపుడు, మరింత గొప్ప అనుభవము విడుదల యెట్లగును?

ఈ ఆక్షేపణలో మొదటి భాగము పరీక్షకు నిలుచునది. మందు పుచ్చుకొనువాని మనఃస్థితి, చుట్టునున్న పరిసరము అనుభవమును మలచునని పరిశోధకులే అంగీకరింతురు. చాపెల్‌లో ప్రార్థన నడుమ వేదాంత విద్యార్థులకు కలిగినది మతానుభవమే అగుటలో వింత లేదు. రెండవ భాగము ప్రయోగమునకు అందదు, అది తర్కము. కాని బలమైన తర్కము. అనుభవమును కొలుచు ప్రశ్నావళి 'నీకేమి కనబడినది?' అని అడుగును. ఆత్మవిచారము 'కనబడినది ఎవరికి?' అని అడుగును. తిరువణ్ణామలైలో రమణ మహర్షి (1879–1950) బోధించిన విచారమునకు ఈ ప్రశ్నయే కేంద్రము. వచ్చిపోవు దర్శనము ఏదియు అందులో గమ్యము కాదు. పతంజలి కూడ కైవల్యపాదపు మొదటి సూత్రమున సిద్ధులు పుట్టు ఐదు మార్గములలో ఔషధమును చేర్చినాడు. మందువాదులు దీనిని చూపుచుందురు. కాని అంతకుముందు విభూతిపాదమున సిద్ధులు సమాధికి విఘ్నములని ఆయన హెచ్చరించినాడన్న సంగతిని వారు చూపరు.

అయితే కృష్ణమూర్తి మాటను కూడ పూర్తిగ ఒప్పలేము. తాను చూడనిదానిని గురించి ఆయన కొంత తొందరగ తీర్పు చెప్పినాడు. తీవ్రమైన నిస్పృహ వంటి రోగములకు సైలోసిబిన్ ఉపకరించునా అను పరిశోధన నేడు సాగుచున్నది. అది వైద్యశాస్త్రపు ప్రశ్న. దానిని సాక్ష్యముతోనే తేల్చవలెను కాని తత్త్వముతో కొట్టివేయరాదు. రోగము నయమగుట ఒకటి, తన్ను తాను ఎరుగుట ఒకటి. మందువాదులు రెంటిని కలిపి మొదటిదాని గౌరవమును రెండవదానికి అరువు తెచ్చుచున్నారు.

ఉమ్మెత్తను మరువరాదు

ఇంతవరకు చెప్పినది ప్రయోగశాలలోని మందుల సంగతి. అచట మోతాదు తూచి ఇత్తురు. మతిభ్రమణ రోగము వంశములో ఉన్నవారిని ముందే తీసివేయుదురు. వైద్యుడు ప్రక్కన ఉండును. ఇట్టి వార్తలు చదివిన పల్లె విద్యార్థికి అందుబాటులో ఉండునది రొళ్ల బీళ్లలోను, దారుల ప్రక్కను పెరుగు ఉమ్మెత్త. శివునికి ప్రీతియని పూజలో ఉంచు మొక్క కనుక దానిలో ఏదో మహిమ ఉన్నదని భ్రమపడుట సులభము. అది పైన చెప్పిన మందుల జాతికే చెందదు. దానిలోని అట్రోపిన్, స్కోపొలమిన్ అను ఆల్కలాయిడులు నరములకు సంబంధించిన మరియొక వ్యవస్థను అడ్డగించును. నోరు ఎండును, కంటిపాప పెద్దదగును, ఒళ్లు కాలును, గుండె పరుగెత్తును, ప్రేలాపన పుట్టును. ప్రాణము పోవచ్చును. తిన్నవాడు లేని మనిషితో మాటలాడుచు, లేడని ఎరుగకుండును. 'ఎవరికి కనబడుచున్నది?' అని అడుగగల శక్తినే అది హరించును. ఆత్మవిచారమునకు ఇంతకంటె విరుద్ధమైనది ఉండదు. ఎవరైన తిన్నారని తెలిసినచో నాటువైద్యముతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఎల్. ఎస్. డి., మెస్కలీన్, సైలోసిబిన్‌లను మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము నిషేధించినదని కూడ విద్యార్థికి చెప్పవలెను. కాని చట్టము పేరు చెప్పి ఊరుకొన్నచో అతని ప్రశ్నకు సమాధానము కాదు. అతడు అడిగినది దొరకునా అని కాదు, నిజమా అని. సమాధానము ఇది: మందు అనుభవమును మార్చగలదు, ఇది నిరూపితము. ఆ అనుభవము కొందరికి మేలు చేయవచ్చును, ఇది పరీక్షలో ఉన్నది. అది సత్యమును చూపునన్నది హక్స్‌లీ ఆశ, నిరూపణ కాదు. ఆయన 1954లో మనకు రెండు పుస్తకములు ఇచ్చినాడు. వాటిలో తాను పీఠిక మాత్రము వ్రాసినదానిలోనే మొదటిదానికి తగిన విమర్శ ఉన్నది.