భూమి తరఫున మాట్లాడిందెవరు?

ఆకాశంలో ఇంకో జీవి ఉందని తేలిన మర్నాడు మనుషులంతా ఒక్కటైపోతారు, కులం, మతం, రంగు అన్నీ చిన్నబోతాయి అనే మాట చాలాకాలంగా వింటున్నాం. సైన్సు ప్రచారం చేసే మిత్రులు దీన్ని నిజాయితీగానే నమ్ముతారు. మన అభ్యుదయవాదుల్లోనూ ఈ నమ్మకం ఉంది. వర్గం పోతే కులం పోతుందన్నవాళ్లే ఇప్పుడు గ్రహాంతరవాసి వస్తే కులం పోతుందంటున్నారు. మొత్తానికి కులం ఎప్పుడూ ఇంకెవరో వచ్చాక పోవాల్సిందే గానీ, పాటించేవాళ్లు మానేస్తే పోయేది కాదన్నమాట!

ఈ వాదాన్ని గాల్లో చర్చించడం కంటే ఒక పాఠాన్ని ముందు పెట్టుకొని చూడటం మేలు. అలాంటి పాఠం ఒకటుంది. 1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 అమెరికా నుంచి ఎగిరాయి. రెంటికీ బంగారు పూత పూసిన ఒక్కో రాగి రికార్డు అమర్చారు. కార్ల్ సాగన్ నాయకత్వంలో ఒక చిన్న బృందం కొద్ది నెలల్లో దాన్ని తయారుచేసింది. 55 భాషల్లో పలకరింపులు, వంద పైచిలుకు చిత్రాలు, గంటన్నర సంగీతం. మానవజాతి తన గురించి ఇంకో జాతికి రాసుకున్న పరిచయ పత్రం ఇది. కాబట్టి కథనో కావ్యాన్నో చదివినట్టే దీన్నీ చదవొచ్చు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి తరఫున, ఏం చెప్పకుండా?

ఆ 55 భాషల్లో మన తెలుగు ఉంది. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే ఒక్క ముక్క. హిందీ, ఉర్దూ, బెంగాలీ, మరాఠీ, కన్నడ కూడా ఉన్నాయి. తమిళం లేదు. గోండి లేదు, సంతాలీ లేదు. ఇందులో కుట్రేమీ లేదు. ఎక్కువ పలకరింపులను కార్నెల్ యూనివర్సిటీలో, అక్కడ అందుబాటులో ఉన్నవాళ్లని పిలిచి రికార్డు చేశారు. మాట్లాడిన మనిషిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1977లో అమెరికా యూనివర్సిటీ దాకా చేరగలిగిన కొద్దిమందిలోంచే 'తెలుగు జనం' గొంతు రావడం గురించి మాట్లాడుతున్నాను. 'అందుబాటులో ఉన్నవాళ్లు' అనే మాట చాలా అమాయకంగా కనబడుతుంది. మన ప్రతి కమిటీ, ప్రతి పాఠ్యపుస్తక మండలి, ప్రతి సాహిత్య సంకలనం ఇట్లాగే తయారైంది గదా.

అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్ద్‌హైమ్ గొంతు కూడా ఆ రికార్డులో ఉంది. భూమ్మీది ప్రజలందరి తరఫున ఆయన శాంతి సందేశం చదివాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాల్కన్ ప్రాంతంలో జర్మన్ సైన్యంలో చేసిన కొలువును ఆయన దాచాడని 1986లో బయటపడింది. రికార్డు పంపిన అమెరికానే 1987లో ఆయన్ని తన గడ్డ మీద అడుగుపెట్టకుండా నిషేధించింది. ఆకాశంలో మాత్రం మన ప్రతినిధి ఆయనే.

సంగీతం విషయంలో సాగన్ బృందం మెరుగే. బాఖ్, బీథోవెన్‌ల పక్కన ఇద్దర్ని పెట్టారు. ఒకరు బ్లైండ్ విల్లీ జాన్సన్, నల్లజాతి గుడ్డి గాయకుడు. 1927లో ఆయన పాడిన ఆ పాటలో మాటలుండవు, కూనిరాగం, మూలుగు, గిటారు, అంతే. ఇల్లు కాలిపోతే ఆ కాలిన ఇంట్లోనే తడి పరుపు మీద పడుకుని, జబ్బుచేసి, 1945లో చనిపోయాడని ఆయన భార్య చెప్పింది. రెండో మనిషి గోవాలోని కేరీలో పుట్టిన కేసర్‌బాయి కేర్కర్. మన కోస్తా కళావంతుల్లాగే గుడికీ దొరలకీ ఆటపాటలు అందించి, మర్యాద మాత్రం దక్కని స్త్రీల సమాజం నుంచి వచ్చింది. వాయేజర్-1 ఎగిరిన పదకొండు రోజులకి కన్నుమూసింది. వాళ్లిద్దరి గొంతులూ అందులో ఉన్నందుకు నాకు సంతోషమే. కానీ రికార్డు పాటని తీసుకెళ్లింది, ఆ పాట ఎక్కడ పుట్టిందో దాన్ని భూమ్మీదే వదిలేసింది. డప్పుని వేదికెక్కించి డప్పు కొట్టేవాణ్ణి మెట్ల కింద నిలబెట్టడం మనకి తెలియంది కాదు.

యుద్ధం, పేదరికం, రోగం, నేరం వీటి చిత్రాలు పెట్టొద్దని ఆ బృందం కావాలనే నిర్ణయించుకుంది. తాజ్‌మహల్ ఉంది. కొత్త చుట్టానికి మంచి మొహం చూపించాలనుకోవడం అర్థమయ్యేదే. ఊళ్లో పెద్దమనిషి కూడా చుట్టమొస్తే కోవెల చూపిస్తాడు, చెరువు చూపిస్తాడు, పల్లె వైపు తీసుకుపోడు.

ఆ తెలుగు పలకరింపుని మోసుకుంటూ వాయేజర్-2 శని గ్రహాన్ని దాటి యురేనస్ వైపు పోతున్నప్పుడే, 1985 జూలై 17న, కారంచేడు జరిగింది. మాదిగలు తాగే చెరువు నీళ్లని మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ, ఆరు హత్యలు. నౌక నెప్ట్యూన్‌ని కూడా దాటేశాక, 1991 ఆగస్టు 6న, చుండూరు. ఎనిమిది మంది. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ అందరూ ఆ రికార్డు ప్రకారం శుభాకాంక్షలు చెప్పిన 'తెలుగు జనమే'.

రేపు నిజంగానే ఆకాశం నుంచి కబురొస్తే ఏం చేయాలో 1989లో ఖగోళ శాస్త్రవేత్తలు ఒక నియమావళి రాసుకున్నారు. ఐక్యరాజ్యసమితికి తెలపాలి, అంతర్జాతీయ సంప్రదింపులు జరక్కుండా జవాబివ్వకూడదు. బాగానే ఉంది. అయితే అదే సమితి 2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద సదస్సు పెడితే, కులం ఊసు అందులోకి రానివ్వొద్దని భారత ప్రభుత్వం అడ్డుపడింది. మన మాట పక్క దేశాలవాళ్లకే చెప్పనివ్వని ప్రభుత్వం, పక్క నక్షత్రం వాళ్లకి చెప్పనిస్తుందా?

విజ్ఞానం పెద్ద దెబ్బ కొడితే సమాజం మారుతుందనేవాళ్లు చరిత్రని కాస్త నెమ్మదిగా చదవాలి. భూమి విశ్వానికి కేంద్రం కాదని కోపర్నికస్ 1543లో రాశాడు. ఆ సంగతి నేర్చుకున్న యూరపే తర్వాత మూడు శతాబ్దాల పాటు ఆఫ్రికా మనుషుల్ని గొలుసులేసి ఓడల్లో అమ్మింది. ఇక్కడేమో రాకెట్టు నమూనాకి తిరుమలలో పూజ చేయించి గానీ ప్రయోగానికి పోని అధికారుల్ని పేపర్లో చూస్తూనే ఉన్నాం. అంగారకుడి నుంచి రాలిపడిన రాయిలో సూక్ష్మజీవుల ఆనవాళ్లున్నాయన్న ప్రకటన మీద 1996 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు క్లింటనే మాట్లాడాడు. ఆ ఆధారం మీద వాదం ఇప్పటికీ ఉంది. దొరికిందనుకున్న ఆ నాలుగు రోజులూ ఏ ఊళ్లో ఏ బావి తెరుచుకుంది?

అంబేద్కర్ చెప్పిన అంచెల అసమానత గుణమే అది. కొత్తగా వచ్చినవాడికి అది ఎదురుతిరగదు, ఒక మెట్టు చూపిస్తుంది. 1969లో చంద్రుడి మీంచి దిగిన ముగ్గుర్ని సూక్ష్మజీవుల భయంతో 21 రోజులు విడిగా పెట్టారు. గడువయ్యాక బయటికొచ్చారు, ఊరేగించారు. మనల్ని విడిగా పెట్టినవాళ్లు గడువు చెప్పలేదు.

ఇంతా చెప్పి, ఆకాశం మనకెందుకు అనేవాళ్లతో నేను ఏకీభవించను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ కార్యకర్త రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకునే ముందు రాసిన ఉత్తరంలో, కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని చెప్పాడు. మనిషిని నక్షత్ర ధూళితో చేసిన వెలుగుగా చూడకుండా ఒక ఓటుగా, అంకెగా కుదించారని బాధపడ్డాడు. మనవాళ్లు ఆ ఉత్తరాన్ని వందసార్లు చదివారు, సాగన్ పేరు దగ్గర మాత్రం ఆగలేదు. అది కవిత్వం కోసం వాడిన పేరు కాదు, అతను ఎంచుకున్న పని. గ్రహాంతర జీవి గురించి తెలుగులో రాయగలిగే మనిషి మనలోంచి తయారవుతున్నాడు, వెలివేశారు. తను ప్రేమించిన సాగన్ తయారుచేసిన రికార్డుని రోహిత్ ఎట్లా చదివేవాడో, నేను తప్పుపట్టిన చోట ఏమనేవాడో వినాలనిపిస్తుంది.

వాయేజర్-1 ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లు దాటింది. ఇంకో నక్షత్రం దరిదాపుల్లోకి పోవడానికి దాదాపు 40 వేల ఏళ్లు పడుతుంది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఒక టెలిస్కోపు ఉందా, బడిలో ఫిజిక్స్ టీచరు పోస్టు నిండిందా అని మాత్రం ఈ జూన్‌లోనే పోయి అడగొచ్చు.