వార్డు సిస్టర్ చేతిలో ఉన్నదెంత?

నర్స్ మేనేజర్ల నిర్వహణా సామర్థ్యాలపై వచ్చే అధ్యయనాల్లో తరచు కనిపించే చట్రం పాతదే. నిర్వాహకుడికి మూడు నైపుణ్యాలు కావాలని 1955లో రాబర్ట్ కాట్జ్ ప్రతిపాదించాడు: పని తెలిసి ఉండడం, మనుషులతో మెలగగలగడం, సంస్థను మొత్తంగా చూడగలగడం. వీటిని పదుల అంశాలుగా విడగొట్టి, మేనేజర్ల చేతనే తమకు తాము మార్కులు వేయించి, చివరకు శిక్షణ అవసరమని తేల్చడం చాలా అధ్యయనాలకు రివాజు. ఈ పద్ధతి వ్యక్తిని కొలుస్తుంది. ఆ పదవికి ఉన్న అధికారాన్నీ తీరికనూ కొలవదు.

స్లౌలోని వెక్సం పార్క్ ఆసుపత్రి ఉదంతంలో ఈ లోపం స్పష్టపడుతుంది. 2014లో కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీ చేసి, ఆ ఆసుపత్రిని నాలుగు శ్రేణుల్లో అట్టడుగున నిలిపింది. సిబ్బంది కొరత, బెదిరింపుల వాతావరణం కూడా నివేదికకెక్కాయి. ఆ ఏడాదే అక్టోబరు 1న ఫ్రిమ్లీ పార్క్ ట్రస్టు దాన్ని తనలో కలుపుకుంది. 2015 చివర్లో జరిగిన తనిఖీలో అదే ఆసుపత్రికి ‘మంచిది’ అన్న శ్రేణి దక్కింది. ప్రభుత్వ నిధులూ తోడయ్యాయి కనుక ఈ మార్పును ఏ ఒక్క కారణానికీ ఆపాదించలేం. అయితే ఏడాదిలో వార్డు మేనేజర్ల వ్యక్తిగత నైపుణ్యం ఒక్కసారిగా పెరిగినందువల్లనే ఇది సాధ్యమైందనడం కష్టం. పై నాయకత్వమూ పని పరిస్థితులూ మారితే, ఉన్న నైపుణ్యానికే ఆచరణలో చోటు దొరుకుతుందనడం ఎక్కువ సమంజసం.

మిడ్ స్టాఫర్డ్‌షైర్‌లో రోగుల పట్ల జరిగిన నిర్లక్ష్యాన్ని విచారించిన రాబర్ట్ ఫ్రాన్సిస్ ఈ కీలకాన్ని గ్రహించాడు. 2013లో ఆయన చేసిన 290 సిఫార్సుల్లో ఒకటి వార్డు మేనేజర్ల గురించినది. వారు ఆఫీసుగదికి పరిమితం కాకూడదు. అత్యవసరమైతే తప్ప, రోగులకు నేరుగా సేవ చేసే నర్సుల సంఖ్యలో వారిని కలపకూడదు. వార్డులోని ప్రతి రోగి సంరక్షణ ప్రణాళికా వారికి తెలిసి ఉండాలి. ఇది గుణగణాల జాబితా కాదు. పర్యవేక్షణకు తీరిక కల్పించమని సంస్థకు చెప్పడం.

తెలుగునాట ప్రభుత్వాసుపత్రుల్లోని హెడ్‌నర్సుకూ ఇదే వర్తిస్తుంది. దుప్పట్ల లెక్క, మందుల ఇండెంటు, డ్యూటీ చార్టు ఆమె బాధ్యతలు. నియామకాలు, బదిలీలు ఆమె చేతిలో ఉండవు. రాత్రి డ్యూటీకి రావలసిన నర్సు రాకపోతే ఉన్నవారినే సర్దాలి. అలాంటి ఆమెకు ‘మానవ వనరుల నిర్వహణ’లో తక్కువ మార్కులు వస్తే, ఆ లోటు ఎవరిది?

శిక్షణ అనవసరమని దీనర్థం కాదు. మార్కులు వేసేముందు పరిశోధకులు మూడు సంగతులు అడగాలి: పర్యవేక్షణకు ఆమెకు ఎన్ని గంటలు మిగులుతున్నాయి? అదనపు నర్సును పిలిపించే అధికారం ఉందా? ప్రమాదముందని ఆమె చెబితే వినే పై అధికారి ఉన్నారా? వీటిని వదిలేసిన అధ్యయనం సంస్థ వైఫల్యాన్ని వార్డు సిస్టర్ ఖాతాలో రాస్తుంది. ఆ తప్పుడు లెక్కకు మూల్యం చెల్లించేది మంచం మీది రోగి.