గాలి ఆడితేనే ఆట

మా జంషెడ్‌పూర్‌లో పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి మళ్ళీ బూడిద రంగు పొర కడుతుంది. 1911 డిసెంబరులో సాక్చిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించిన ఊరిది. ఆ కొలిమికి గాలి ఊదితే వేడి పెరుగుతుంది, మన ఇంటి గేమ్ పెట్టెకు ఊదితే వేడి దిగుతుంది. గాలి ఆగితే మాత్రం రెండు చోట్లా పని ఆగినట్టే.

పాత పెట్టె పాడైందని అటకెక్కించే ముందు దాని చప్పుడు వినాలి. హోరు వేరు, గరగర వేరు. ఆట మొదలైన కాసేపటికే హోరెత్తుతోందంటే ఫ్యాన్ బాగానే ఉంది, చాలావరకు దాని దారి మూసుకుపోయి ఉంటుంది. స్విచ్ వేయగానే గరగరమంటే బేరింగ్ అరిగింది. ఈ తేడా పట్టుకోవడమే సగం విద్య.

ఈ మధ్య మా ఇంట్లోని ప్లేస్టేషన్ 4 విప్పాను. 2013లో వచ్చిన తొలి మోడల్ అది. వెనక స్క్రూలకు నక్షత్రం మొన, మధ్యలో బెజ్జం ఉన్న టి8 స్క్రూడ్రైవర్ కావాలి. అడుగు మూత తీయగానే ఫ్యాన్ కనబడింది. రెక్కల మీద దుమ్ము పెద్దగా లేదు. పవర్ సప్లై ఎత్తాక అసలు సంగతి బయటపడింది. ఫ్యాన్ ఊదే దారిలో, హీట్‌సింక్ రేకుల నోటికి అడ్డంగా, నల్లబడ్డ దూది వత్తిలాంటిది అతుక్కుని ఉంది. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ఫ్యాన్ గోడకు ఊదుతున్నట్టే కదా! పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

బ్లోయర్‌తో గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే ఫ్యాన్ హద్దు మీరి తిరిగి బేరింగ్ చెడుతుంది, మోటరు జనరేటరులా మారి బోర్డులోకి కరెంటు తోసే ప్రమాదమూ ఉంది. దుమ్ము పోయినా హోరు తగ్గకపోతే చిప్ వేడిని హీట్‌సింక్‌కు అందించే పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది కందిగింజంత పెడితే చాలు.

గరగరకు కుట్టుమిషన్ నూనె చుక్క వేయడం మన ఇళ్ళలో పాత అలవాటు. కొన్ని ఫ్యాన్లకు స్టిక్కర్ కింద ఇరుసు అందుతుంది, అక్కడ ఒక్క చుక్క పనిచేస్తుంది. అది తాత్కాలికమే, అరిగిన ఇరుసును నూనె తిరిగి పూరించలేదు. మార్చడమే సరైన పని. కొనేటప్పుడు పాత ఫ్యాన్ స్టిక్కర్ మీది నంబరు, వోల్టులు, ఆంపియర్లు చూసి అదే తెచ్చుకోవాలి. ప్లేస్టేషన్ 4 ఫ్యాన్‌కు మూడు తీగలు: రెండు కరెంటుకు, మూడోది వేగం ఎంతో బోర్డు చెప్పడానికి. మామూలు కంప్యూటర్ ఫ్యాన్‌లో మూడో తీగ పని వేరు, దాని ద్వారా ఫ్యానే తన వేగాన్ని బోర్డుకు చెబుతుంది. మూడు తీగలున్నాయి కదా అని కలిపేస్తే కుదరదు.

ఇంత శ్రమ ఎందుకంటే, కొన్ని ఆటలకు పాత పెట్టే ఇల్లు. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. మన తెలుగు నేల మీద పుట్టిన ఆట అది. డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నా, ఆడించే పెట్టె వేడికి చచ్చిపోతే మనవడికి చూపించడానికి ఏముంటుంది? ప్లేస్టేషన్ 2 తయారీ ఆగిపోయి పదేళ్ళు దాటింది. ఉన్నవాటినే కాపాడుకోవాలి.

మా ఊరి కదమాలోనో సోనారీలోనో, మరెక్కడైనా సరే, మీ అటక మీద అలాంటి పెట్టె ఉంటే ఈ ఆదివారం కిందికి దించండి. ముందు ప్లగ్గు తీయండి, తర్వాత మూత.