చదివింపుల పుస్తకం

మా చుట్టాల్లో ఎవరింట పెళ్లయినా భోజనాల వేళకు నన్ను వెతుక్కుంటూ వస్తారు. దస్తూరి బాగుంటుందని పేరు. ఒక బల్ల, నాలుగు మూలలా పసుపు రాసిన పొడుగు నోటుపుస్తకం, పక్కన నోట్లు లెక్కపెట్టే బాబాయి. అదీ మా కొలువు.

ఇందులో మెలకువంతా పేర్లలోనే ఉంది. ‘సుబ్బారావు, 516’ అని ఊరుకుంటే పదేళ్లు పోయాక ఏ సుబ్బారావో ఎవరికీ అంతుపట్టదు. ఇంటిపేరు, ఊరు, అవసరమైతే ఎవరి అల్లుడో కూడా పడాలి. ఆయన కూతురి శుభలేఖ వచ్చిన రోజున ఈ పుస్తకం బీరువాలోంచి దిగుతుంది. ‘మనకెంత చదివించారు?’ అని చూసి, కాస్త కలిపి పెడతారు. తగ్గిస్తే మాట పడాలి. సరిగ్గా అంతే పెడితే చెల్లుకు చెల్లు అన్నట్టుంటుంది. ఏ కోర్టుకూ ఎక్కని బాకీ, అయినా ఎగ్గొట్టేవాళ్లు అరుదు.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద రాస్తూ మూడు విధులు చెప్పాడు: ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగివ్వాలి. నా బల్ల దగ్గర నాలుగోదీ ఉంది, రాయించుకోవాలి. కవరు పెళ్లికొడుకు చేతిలోనే పెట్టొచ్చినవాళ్లు కూడా ‘మా పేరు పడిందా?’ అని అడిగే వెళతారు. తమిళనాట పుదుక్కోట్టై, తంజావూరు వైపు ‘మొయ్ విరుందు’ అని, చదివింపుల కోసమే విందు పెడతారు. మనమే పెళ్లి చాటున పెట్టుకుంటాం.

చదివింపుల్లో తరచూ వినిపించే నూట పదహార్ల మీద ఒక కథ ఉంది. నూరు ఇంగ్లీషు రూపాయలకు నైజాం సిక్కాలు నూట పదహారు వచ్చేవట. కానీ అప్పటి మారకం ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు సిక్కాలు; ఆ లెక్కన చూస్తే 116 దాటి ఇంకో మూడింట రెండు వంతులు రావాలి. పెళ్లిలో ఎవరితోనైనా ఈ మాటంటే వినరు.

నాకు గిట్టనిది మైకు. ‘ఫలానా వారు పదివేల నూట పదహార్లు’ అని మోగగానే, వంద నోటు మడిచి పట్టుకుని వరసలో నిలబడ్డామె వెనక్కి తగ్గుతుంది. మైకు పెడితే నేను కూర్చోను.

ఇప్పుడు బల్ల మీద క్యూఆర్ కోడ్ అట్ట కూడా వచ్చింది. డబ్బు పెళ్లికొడుకు తమ్ముడి ఖాతాలో పడుతుంది, పేరు పుస్తకంలో పడదు. మొన్నొక పెళ్లిలో ఏదో కిరాణా కొట్టు పేరుతో 1,116 జమయ్యాయి. ఆ కొట్టు ఎవరిదో తేలేదాకా బాబాయి నన్ను భోజనానికి లేవనివ్వలేదు.